మణికట్టు మీది పచ్చబొట్టు తీయించుకోవాలి: లేజర్ తప్ప వేరే దారి ఉందా?

#1 వానచినుకు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నాలుగేళ్ల కిందట ఎడమ మణికట్టు లోపలి వైపు ఒక పేరు టాటూ వేయించుకున్నాను. నల్ల అక్షరాలు, చుట్టూ ఆకుపచ్చ తీగ, తీగ చివర చిన్న ఎర్ర పువ్వు. ఆ పేరు గల మనిషి ఇప్పుడు నా జీవితంలో లేరు. అంతకంటే చెప్పాలని లేదు. చేతులు కడుక్కున్న ప్రతిసారీ అది కనిపిస్తుంది. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటున్నాను.

రెండు వారాల కిందట ఆన్‌లైన్‌లో టాటూ తీసే క్రీమ్ ఒకటి తెప్పించి చివరి అక్షరం మీద రాశాను. మూడో రోజుకి చర్మం మండిపోయి, తడితడిగా ఊడి వచ్చింది. ఇప్పుడు అక్కడ లేత గులాబీ రంగు చర్మం, దాని కింద అదే అక్షరం, అంతే నల్లగా.

నాది చామనచాయ. ఎక్కడ దెబ్బ తగిలినా మచ్చ నల్లబడి చాలా కాలం ఉండిపోతుంది. అందుకే లేజర్ అంటే భయం. ఎన్ని సిట్టింగులు పడతాయి? మచ్చ మిగులుతుందా? ఇంకేదైనా పద్ధతి ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

#2 నల్లసిరా

వానచినుకు గారూ, ముందు ఆ క్రీమ్ పారేయండి. మిగతా అక్షరాల మీద పొరపాటున కూడా రాయకండి.

నా ముంజేతి మీద అరచేయంత గద్ద బొమ్మ ఉండేది, అంతా నలుపే. లేజర్‌తో 9 సిట్టింగులు పట్టింది. మొదటిదానికీ చివరిదానికీ మధ్య దాదాపు 18 నెలలు. ఇప్పుడు ఎవరికీ కనిపించదు. వెలుతురు ఏటవాలుగా పడితే రెక్క అంచు ఉన్న చోట చర్మం కొంచెం మెరుస్తుంది, అంతే.

నొప్పి సంగతి దాచకుండా చెబుతాను. కాగిన నూనె చుక్కలు వరసగా చిట్లి మీద పడుతున్నట్టు ఉంటుంది. వేయించుకున్నప్పటి కంటే ఎక్కువే, కాకపోతే నిమిషాల్లో అయిపోతుంది. లేజర్ తగిలిన గీత తగిలినట్టే తెల్లగా ఉబ్బుతుంది. మొదటిసారి చూసి చర్మం ఉడికిపోయిందని వణికిపోయాను. అరగంటలో ఆ తెలుపు పోయింది. రాత్రికి వాపు, మర్నాడు పొక్కులు, వారానికి పక్కు కట్టడం. ప్రతి సిట్టింగుకీ ఇదే వరస.

మీరు ముందే తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రెండో సిట్టింగు తర్వాత కూడా నా గద్ద అలాగే ఉంది. మోసపోయానేమో అనుకుని మానేయబోయాను. మూడోదాని తర్వాత, అదీ ఆరు వారాలకు, పాత ఫొటో పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలిసింది. ఇవాళే ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

#3 చర్మం_చదువు

నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని. చేయి చూడకుండా ఇక్కడ వైద్యం చెప్పను. లోపల ఏం జరుగుతుందో మాత్రం చెబుతాను, అది తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

మన చర్మం పైపొర ఇంచుమించు నెలకోసారి కొత్తదవుతుంది. సిరా ఆ పొరలో ఉంటే టాటూ నెలకే పోయేది. సూది దాన్ని 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతున, రెండో పొరలో పెడుతుంది. క్రీముల్లో ఉండే యాసిడ్ పైపొరను కాలుస్తుంది, సిరాను తాకదు. సిరా దాకా దిగేంత ఘాటుగా ఉంటే దారిలో ఉన్న చర్మాన్నంతా కాల్చుకుంటూనే దిగుతుంది. టాటూ తీయడానికి ఇంట్లో రాసుకునే క్రీమ్ దేన్నీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించలేదు.

సిరా అక్కడ రాయిలా పడి ఉండదు. మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు దాన్ని మింగి కూర్చుంటాయి. 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు: ఆ కణం చచ్చిపోతే సిరా బయటపడుతుంది, పక్కన పుట్టిన కొత్త కణం వెంటనే మింగేస్తుంది. చేతులు మారుతూ సిరా అక్కడే ఉండిపోతుంది. రేణువు పెద్దది కాబట్టి దాన్ని బయటికి మోసుకుపోవడం కణాల వల్ల కాదు.

లేజర్ చేసే పని ఆ రేణువును పగలగొట్టడం. ఎండలో నల్లరాయి, తెల్లరాయి పక్కపక్కన ఉంటే నల్లరాయే ముందు కాలుతుంది కదా, ఇదీ అంతే. ఏ రంగు ఏ కాంతిని పీలుస్తుందో ఆ కాంతినే, చాలా తక్కువ సేపు వదిలితే ఆ రంగు మాత్రమే వేడెక్కుతుంది, పక్క చర్మానికి వేడి పాకే వ్యవధి ఉండదు. ఈ సూత్రాన్ని ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు 1983లో వివరించారు. తక్కువ సేపు అంటే నానోసెకన్లు, సెకనులో వందకోట్లో వంతు లెక్కన. ఆ దెబ్బకు రేణువు ముక్కలవుతుంది. ముక్కల్ని శరీరం వారాల తరబడి కొంచెం కొంచెంగా లింఫ్ అనే ఒంటి ద్రవం ద్వారా మోసుకుపోతుంది. అందుకే రెండు సిట్టింగుల మధ్య అంత ఎడం. టాటూను చెరిపేది మీ ఒళ్లే, లేజర్ దానికి పని సులువు చేస్తుంది.

కాలిన చోటు పూర్తిగా మానే దాకా అక్కడ ఎవరి చేతా లేజర్ పెట్టించుకోకండి. పెట్రోలియం జెల్లీ పలచగా రాసి ఎండ తగలకుండా చూసుకోండి. చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

#4 వానచినుకు

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. ఆకుపచ్చ రంగు అసలు పోదని ఎక్కడో చదివాను, నిజమేనా? నా చర్మం రంగు వల్ల ఇబ్బంది ఉంటుందా?

#5 చర్మం_చదువు

ఉంటుంది, అందుకే మెషీన్ ఏదో అడగాలి. నలుపుకీ ముదురు నీలానికీ కాంతి అల పొడవు 1064 నానోమీటర్లు ఉండే ఎన్‌డీ యాగ్ లేజర్. ఎరుపుకి అదే మెషీన్‌లో 532. ఆకుపచ్చకి అవి రెండూ సరిగా పనిచేయవు, 755 అలెగ్జాండ్రైట్ కానీ 694 రూబీ కానీ, వేరే లేజర్ కావాలి.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని పీలుస్తుంది. ఇందాకటి నల్లరాయి ఉదాహరణలో చామనచాయ చర్మం కూడా కొంత నల్లరాయే. 1064ని మెలనిన్ తక్కువగా పీలుస్తుంది, కాబట్టి మన చర్మాలకు అది కాస్త నిశ్చింత. 532, 694, 755లతో తెల్లమచ్చో నల్లమచ్చో పడే అవకాశం పెరుగుతుంది. తెల్లమచ్చ పోవడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఉండిపోతుంది. మీ అక్షరాలు తేలిక. పువ్వు పోవచ్చు. తీగ దగ్గరే ఆచితూచి నడవాలి. చూడగానే "5 సిట్టింగుల్లో క్లీన్" అని గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఎన్ని పడతాయో అంచనా వేయడానికి 2009లో వచ్చిన కర్బీ–దేశాయ్ లెక్క ఒకటి ఉంది. చర్మం రంగు, టాటూ ఉన్న చోటు, రంగులు, సిరా ఎంత దట్టం, ముందే మచ్చ ఉందా, ఒకదాని మీద ఒకటి వేశారా అని ఆరు విషయాలకు మార్కులు వేస్తారు. మెడకంటే ముంజేయి, ముంజేయికంటే పాదం ఆలస్యం. గుండెకు దూరమయ్యే కొద్దీ మోసుకుపోయే పని నెమ్మదిస్తుంది.

#6 కనుబొమ్మ

నాది టాటూ అంటారో లేదో, పర్మనెంట్ మేకప్. కనుబొమ్మలకు గోధుమ రంగు దిద్దించుకున్నాను, రెండేళ్లకు ఇటుకరాయి రంగులోకి తిరిగింది. తీసేయమని ఒక సెంటర్‌కి వెళ్లాను. పేరు చెప్పను. టెస్ట్ స్పాట్ పెట్టకుండా రెండు కనుబొమ్మల మీదా లేజర్ కొట్టేశారు. అక్కడికక్కడే బొగ్గులా నల్లబడిపోయాయి. అద్దంలో చూసుకుని ఏడ్చేశాను. వాళ్లకు కూడా ఎందుకలా అయిందో తెలియలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

తర్వాత వేరే డాక్టర్ గారు చెప్పారు. ఆ గోధుమ రంగుల్లో ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు లాంటిది, ఉంటుందట. లేజర్ తగిలితే అది నల్లటి ఆక్సైడ్‌గా మారిపోతుందట. తెలుపు, చర్మం రంగు, లేత గులాబీ సిరాల్లో కలిపే టైటానియం డయాక్సైడ్ కూడా అంతే. ఆ నలుపును మళ్లీ లేజర్‌తోనే తీశారు, ఇంకో 6 సిట్టింగులు పట్టింది.

వానచినుకూ, నీ ఎర్ర పువ్వులో తెలుపు ఏమైనా కలిపారేమో వేసినవాళ్లను అడుగు. తెలియదంటే ఆవగింజంత చోట టెస్ట్ చేయించుకుని కొన్ని వారాలు ఆగు. ఇంకో మాట, ముఖం మీద అయితే కంటి లోపల పెట్టే లోహపు కవచం పెట్టకుండా ఎవరినీ లేజర్ ముట్టుకోనివ్వకండి. ఆ కాంతి కంట్లో పడితే చూపే పోవచ్చు.

#7 పాతకాపు

లేజర్ అందుబాటులో లేని రోజుల్లో మేం ఏం చేశామో పిల్లలకు తెలియాలని రాస్తున్నాను. ఇరవై ఏళ్ల వయసులో భుజం మీది లంగరు బొమ్మను ఉప్పుతో తీయించుకున్నాను. పైపొర ఊడేదాకా తడి ఉప్పుతో గరగరా రుద్దడం, కట్టు కట్టడం, మళ్లీ రుద్దడం. ఇది చాలా పాత పద్ధతి, 6వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏటియస్ రాసినవాటిలోనే ఉంది. బొమ్మ పోయిన మాట నిజం. దాని స్థానంలో లంగరు ఆకారంలోనే తెల్లటి, ఎత్తైన మచ్చ మిగిలింది. నలభై ఏళ్లు దాటినా చలికి దురద పెడుతుంది.

తర్వాత నా స్నేహితుడు తిరిగే బ్రష్‌తో చర్మం అరగదీయించుకున్నాడు, డెర్మాబ్రేషన్ అంటారు. అతనికీ మచ్చే. అమ్మా, ఎవరైనా ఉప్పు, నిమ్మరసం, గరుకురాయి అంటే వినకు.

#8 గడువు_దగ్గర

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను చేరబోయే ఉద్యోగానికి మెడికల్ ఉంది, కనపడే చోట టాటూ ఉండకూడదు. చేతి మీద రూపాయి బిళ్లకంటే చిన్న నక్షత్రం. నాలుగు నెలలే టైముంది. నెలకోసారి చొప్పున, లేదంటే ఇంకా తొందరగా లేజర్ చేయించుకుంటే అయిపోతుందా? మామూలు కంటే ఎక్కువ పవర్ పెడతామని ఒకచోట అంటున్నారు.

#9 చర్మం_చదువు

తమ్ముడూ, ఎక్కువ పవర్ మాటకు ఒప్పుకోకు. మచ్చలు ఎక్కువగా పడేది అక్కడే.

ఇటలీలో 352 మందిని పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. 10 సిట్టింగుల తర్వాత టాటూ విజయవంతంగా పోయినవాళ్లు 47.2 శాతం, 15 తర్వాత 74.8 శాతం. 8 వారాలు లేదా అంతకంటే తక్కువ ఎడంతో చేయించుకున్నవాళ్లకు ఫలితం తగ్గింది. పొగ తాగేవాళ్లకు బాగా తగ్గింది. నువ్వు తాగుతుంటే ఆపేయ్. ఒకేరోజు 20 నిమిషాలకోసారి నాలుగుసార్లు కొట్టే పద్ధతి ఒకటి ఉంది కానీ, ముదురు చర్మానికి కాలిన గాయాల భయం ఎక్కువ కాబట్టి నేను చేయను.

నీ సమస్యకు సరిపోయేది సర్జరీ కావచ్చు. చిన్న టాటూ, పక్కన చర్మం వదులుగా ఉంటే మత్తు ఇచ్చి కోసి తీసి కుట్లు వేస్తారు. ఒక్క రోజు పని. సిరా మొత్తం పోతుంది, బదులుగా గీతలాంటి మచ్చ వస్తుంది. కొంచెం పెద్దదైతే రెండు మూడు విడతల్లో, మధ్యలో నెలలు ఆగి తీస్తారు. దెబ్బ తగిలితే కండలా ఉబ్బే కీలాయిడ్ తత్వం నీకు గానీ ఇంట్లో వాళ్లకు గానీ ఉంటే ముందే చెప్పు.

#10 నల్లసిరా

మా చెల్లెలు చీలమండ పక్కన చిన్న పేరు ఇలాగే కోసి తీయించుకుంది. పన్నెండో రోజు కుట్లు తీశారు. నడిచినప్పుడు లాగేసి గీత కొంచెం వెడల్పయింది. అయినా "ఏదో దెబ్బ" అంటే నమ్ముతారు. అక్షరం చదవలేరు, దానికదే చాలంది.

#11 వెలుగురేఖ

పికో లేజర్ గురించి ఎవరూ మాట్లాడలేదే? నానో కాలం అయిపోయింది. పికో అయితే సగం సిట్టింగుల్లో అయిపోతుంది అంటున్నారు.

#12 చర్మం_చదువు

పికోసెకన్ మెషీన్‌కు ఎఫ్‌డీఏ అనుమతి మొదట వచ్చింది 2012లో. దెబ్బ ఇంకా తక్కువ సేపు తగులుతుంది కాబట్టి రేణువు ఇంకా చిన్న ముక్కలవుతుంది. నీలం, ఆకుపచ్చ, మొండికేసిన చివరి చాయల మీద నేను దాన్నే వాడతాను. మామూలు నలుపుకి మంచి నానో లేజర్, అనుభవం ఉన్న చేయి ఉంటే చాలు. "సగం" అనే మాట మాత్రం అందరికీ వర్తించదు.

మెషీన్ పేరుకంటే ముఖ్యంగా చూడాల్సింది వేరే ఉంది. వెంట్రుకలు తీసే ఐపీఎల్ మెషీన్‌తో టాటూ తీస్తామనేవాళ్లు ఉన్నారు. దాని వెలుగు మిల్లీసెకన్ల పాటు ఉంటుంది, నానోసెకనుతో పోలిస్తే లక్షల రెట్లు. రేణువు పగలదు, ఉడుకుతుంది, చుట్టూ ఉన్న చర్మాన్నీ ఉడికిస్తుంది. ఆ కాలిన గాయాలు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి, చూసిన ప్రతిసారీ కోపం వస్తుంది.

ముందే డాక్టర్‌కి చెప్పాల్సినవి కూడా ఇక్కడే రాస్తాను. గర్భం, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, ఈమధ్య ఎండకు నల్లబడటం. టాటూలో ఎరుపు దురద పెట్టి ఉబ్బుతుంటే అది అలర్జీ కావచ్చు, మామూలు లేజర్‌తో ముక్కలు ఒళ్లంతా పాకి ప్రమాదం తేవచ్చు. ఒకప్పుడు కీళ్లవాతానికి బంగారు లవణాల ఇంజెక్షన్లు చేయించుకున్న పెద్దవాళ్లకు లేజర్ తగిలిన చోట నీలి బూడిద రంగు ఉండిపోతుంది. పేలుడు మందు రేణువులు చర్మంలో ఇరుక్కున్నవాళ్లయితే అవి లోపలే పేలి గుంటలు పడతాయి. టాటూ కింద పుట్టుమచ్చ ఉంటే ముందు దాన్ని పరీక్షించాలి.

#13 సూదిదారం

నేను టాటూలు వేసే మనిషిని. నన్ను అడిగితే అందరూ మొత్తం తీయించుకోనక్కర్లేదు. పాత పేరు కనపడకుండా దాని మీద వేరే బొమ్మ వేయొచ్చు. కాకపోతే కింది నలుపును దాచాలంటే పైది దానికంటే ముదురుగా, రెండు మూడు రెట్లు పెద్దగా వేయాలి. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను ముందు రెండు మూడు సిట్టింగుల లేజర్ చేయించుకుని రమ్మంటాను. అక్షరాలు బూడిద రంగుకి వస్తే చాలు, సన్నని గీతలతో కూడా అందంగా కుదురుతుంది.

వానచినుకు గారూ, తీగ బాగుందని మీకు ఇప్పటికీ అనిపిస్తే దాన్ని ఉంచుకోండి. పేరు ఒక్కటే తీయించుకోవచ్చు.

#14 వానచినుకు (4 నెలల తర్వాత)

అందరికీ అప్‌డేట్. కాలిన చోటు మానడానికి మూడు నెలలు పట్టింది. పోయిన వారం మొదటి సిట్టింగు అయింది. నేను వెళ్లిన డాక్టర్ గారు ముందు 1064తో ఒక్క అక్షరం మీద టెస్ట్ చేసి, నాలుగు వారాలు ఆగి, తర్వాత మిగతావి మొదలుపెట్టారు. చివరి అక్షరం జోలికి మాత్రం వెళ్లలేదు.

మత్తు క్రీమ్ కొంచెమే రాశారు. ఇంట్లో ఎక్కువ రాసుకుని ప్లాస్టిక్ చుట్టుకుని రావొద్దని గట్టిగా చెప్పారు, ఆ మందు రక్తంలోకి ఎక్కువగా వెళితే ఫిట్స్ కూడా రావొచ్చట. నల్లసిరా గారు చెప్పిన నూనె చుక్కల పోలిక సరిగ్గా సరిపోయింది. తెల్లబడినప్పుడు భయపడలేదు, అది ఆవిరి బుడగల వల్లేనని అప్పటికే చదువుకుని వెళ్లాను.

రెండు పొక్కులు వచ్చాయి, చిదపలేదు. జెల్లీ రాసి అంటుకోని కట్టు వేస్తున్నాను. తీగ విషయం ఆలోచిస్తున్నాను.

#15 గడువు_దగ్గర

అక్కా, నేను సర్జరీ చేయించుకున్నాను. కుట్లు తీశారు, మెడికల్ కూడా అయిపోయింది. గీత ఎర్రగా ఉంది కానీ ఎవరూ ఏమీ అడగలేదు. డాక్టర్ గారికి, నల్లసిరా అన్నకి థాంక్స్. సిగరెట్ కూడా మానేశాను.

#16 తొలిఅడుగు (11 నెలల తర్వాత)

ఈ చర్చ మొత్తం చదివాను. నా దగ్గరా ఒక క్రీమ్ ఉంది, ఇంకా తెరవలేదు. రివ్యూలు బాగున్నాయి. చిన్న చోట వాడి చూస్తే ఏమవుతుంది? వానచినుకు గారి టాటూ ఇప్పుడు ఎలా ఉంది?

#17 వానచినుకు

దయచేసి తెరవకండి.

నాలుగు సిట్టింగులు అయ్యాయి. అక్షరాలు పాత పెన్సిల్ గీతల్లా ఉన్నాయి, తెలియనివాళ్లు చదవలేరు. పువ్వులో తెలుపు కలపలేదని వేసినవాళ్లు చెప్పారు. టెస్ట్ కూడా బాగానే వచ్చింది. రెండు సిట్టింగులకే పువ్వు పోయింది, ఆ చోట కాస్త తెల్లబడి ఇప్పుడిప్పుడే మామూలు రంగుకి వస్తోంది. తీగను ఉంచుకున్నాను. సూదిదారం గారూ, మీ మాట పట్టుకునే.

చివరి అక్షరం ఒక్కటి అలాగే ఉంది. క్రీమ్ వల్ల అక్కడ చర్మం గట్టిపడి, అంచులు నల్లబడి, మధ్యలో పాలిపోయింది. అది నెమ్మదించే దాకా డాక్టర్ గారు ముట్టుకోలేదు. పేరంతా వెలిసిపోయి, నేను తొందరపడి కాల్చుకున్న అక్షరం మాత్రమే ఇప్పుడు నల్లగా మిగిలింది. వచ్చే సిట్టింగులో దాని మీద టెస్ట్ స్పాట్ పెడతామన్నారు. ఫలితం ఇక్కడే రాస్తాను.